తరాల పట్టిక తీసేయండి, టీ దుకాణాల కథ చెప్పండి: కంప్యూటర్ పాఠాలు రాసేవారికి బహిరంగ లేఖ

బడి పిల్లల కోసం తెలుగులో కంప్యూటర్ పాఠాలు రాస్తున్న రచయితలకు, వాటిని దిద్దే సంపాదకులకు,

నమస్కారం.

నేను ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మన బళ్లలో లెక్కల మాస్టారే చాలాచోట్ల కంప్యూటర్ మాస్టారు కూడా అని మీకు తెలుసు. అందుకే 'కంప్యూటర్ చరిత్ర' అనే పాఠాన్ని, పుస్తకం మారినప్పుడల్లా కొత్త బొమ్మలు వేసుకుని వచ్చే ఆ పాత పాఠాన్నే, ఏళ్ల తరబడి చెప్పాను.

దాని వరస మీకు కంఠోపాఠమే. ముందు పూసల చట్రం, తర్వాత పాస్కల్, ఆ తర్వాత 'కంప్యూటర్ పితామహుడు' చార్లెస్ బాబేజ్, 1946లో ఎనియాక్, వెంటనే అయిదు తరాల పట్టిక. మొదటి తరంలో వాక్యూమ్ ట్యూబులు, రెండో తరంలో ట్రాన్సిస్టర్లు అంటూ సాగి, అయిదో తరం దగ్గర 'కృత్రిమ మేధ' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటుంది. పిల్లలు గడగడా అప్పజెబుతారు, మార్కులూ తెచ్చుకుంటారు. కానీ ఆ వరసలో ఏ యంత్రాన్నైనా చూపించి "సార్, దీన్ని ఎందుకు కట్టారు? కట్టాక దీంతో ఏం చేయించారు?" అని ఎవరైనా లేచి అడిగితే పుస్తకంలో జవాబుండదు. ఇరుకున పడేది మాస్టారు.

నేను అడగదలచుకున్నది ఇదే. ఆ పాఠాన్ని యంత్రాల వంశవృక్షంలా రాయడం మానండి. మనుషుల చేతులతో తెమలని పనులు కొన్ని ఉండేవి. వాటి కోసం యంత్రాలు పుట్టాయి. ఆ పనుల దగ్గర మొదలుపెట్టండి.

బాబేజ్‌నే తీసుకోండి. 1820ల్లో ఆయన డిఫరెన్స్ ఇంజన్ ఎందుకు తలపెట్టాడు? ఆ రోజుల్లో ఓడ నడిపేవాడికీ, బీమా లెక్కలు కట్టేవాడికీ, ఖగోళ శాస్త్రజ్ఞుడికీ అచ్చేసిన గణిత పట్టికలే దిక్కు. మా తరం లాగరిథమ్ పుస్తకాన్ని చంకన పెట్టుకుని పరీక్షకు వెళ్లేది కదా, అలాంటివే. వాటిలో లెక్క కట్టినవాడి తప్పులు కొన్ని, నకలు రాసినవాడి తప్పులు కొన్ని, అచ్చు అక్షరాలు కూర్చినవాడి తప్పులు మరికొన్ని. అందుకే బాబేజ్ తన యంత్రం లెక్క కట్టి ఊరుకుంటే చాలదన్నాడు. జవాబును అచ్చుదిమ్మెలోకి కూడా అదే దించాలి, మధ్యలో ఎక్కడా మనిషి చెయ్యి పడకూడదు. బ్రిటిష్ ప్రభుత్వం దాదాపు 17 వేల పౌండ్లు పోసినా అది పూర్తికాలేదు. ఆయన ఆ తర్వాత గీసిపెట్టిన రెండో నమూనా ప్రకారం లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు 1991లో కట్టి చూస్తే శుభ్రంగా పనిచేసింది. 'పితామహుడు' అన్న బిరుదు తగిలించడం కంటే ఈ నాలుగు మాటలు చెబితే పిల్లవాడికి ప్రింటర్ విలువ కూడా తెలుస్తుంది.

ఇక 'ప్రపంచంలో మొదటి కంప్యూటర్ ____' అనే ఖాళీ. దయచేసి దాన్ని ప్రశ్నపత్రాల నుంచి తప్పించండి. జర్మనీలో కోన్రాడ్ జూజె 1941లోనే రిలేలతో, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్‌లతో, జెడ్-3 కట్టాడు. విమానాల రెక్కలు ఎందుకు అదిరిపోతున్నాయో తేల్చే లెక్కలకు దాన్ని వాడారు. అమెరికాలో అయోవాలో అటనసాఫ్, ఆయన శిష్యుడు బెర్రీ కలిసి ఏకకాల సమీకరణాలు సాధించడానికి ఒక ఎలక్ట్రానిక్ యంత్రం చేశారు. 1973లో ఒక అమెరికన్ కోర్టు ఎనియాక్ పేటెంటును కొట్టేసింది కూడా ఈ యంత్రం పేరు చెప్పే. ఇంగ్లండ్‌లో కొలోసస్ 1944కే పనిచేస్తోంది.

కొలోసస్‌కు కాస్త చోటివ్వమని నా మనవి, ఎందుకంటే ఆ యంత్రాన్ని కట్టినవాడు ప్రొఫెసర్ కాడు, పోస్టాఫీసు ఇంజనీరు. టామీ ఫ్లవర్స్ అని, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల పని చేసేవాడు. వేలాది వాల్వులు (వాక్యూమ్ ట్యూబులనే ఇంగ్లండ్‌లో అలా అంటారు) ఒకేచోట పెడితే ఎప్పుడూ ఏదో ఒకటి మాడిపోతూనే ఉంటుందని పెద్దపెద్దవాళ్లు పెదవి విరిచారు. ఫ్లవర్స్‌కు తన ఉద్యోగంలో ఒక సంగతి తెలిసింది. వాల్వులు ఎక్కువగా పోయేది ఆపి మళ్లీ వెలిగించినప్పుడే. అసలు ఆపకుండా ఉంచితే నిక్షేపంగా నడుస్తాయి. ఆ ధైర్యంతో దాదాపు 1,600 వాల్వులతో మొదటి కొలోసస్ కట్టాడు. జర్మన్ సైన్యం పైస్థాయి సేనానులు లోరెంజ్ అనే సంకేత యంత్రంతో పంపే రహస్య సందేశాలను కొలోసస్ కాగితం టేపు మీద సెకనుకు 5 వేల అక్షరాల చొప్పున చదివి, ఆ లోరెంజ్ యంత్రం చక్రాలను ఏ స్థానంలో పెట్టారో పసిగట్టడానికి తోడ్పడింది. యుద్ధం ముగిసే నాటికి అలాంటివి 10 ఉన్నాయి. నడిపింది నౌకాదళ మహిళా విభాగం అమ్మాయిలు. యుద్ధం కాగానే చాలావాటిని విప్పేశారు, అందరూ నోళ్లు కుట్టుకున్నారు. ఫ్లవర్స్ మరో యంత్రం కట్టుకోవడానికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ను అప్పు అడిగితే, అలాంటిది పనిచేస్తుందన్న నమ్మకం లేదని తిప్పి పంపారట. ఇదివరకే కట్టానని చెప్పుకునే వీలు ఆయనకు లేదు! 1970ల దాకా సంగతి బయటికి పొక్కలేదు. 1960ల్లో పుస్తకం రాసినవాడు ఎనియాకే మొదటిది అన్నాడంటే అర్థముంది. మనం ఇంకా అదే రాస్తే ఏం చెప్పాలి?

ఎనియాక్ దగ్గరికి వద్దాం. 30 టన్నుల బరువు, 18 వేల వాక్యూమ్ ట్యూబులు అని బరువులూ కొలతలూ మీరు ఎలాగూ రాస్తారు. అది కట్టించింది అమెరికా సైన్యం, కట్టింది ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు. సైన్యానికి కావలసింది ఫిరంగి పట్టికలు. ఇంత దూరానికి, ఇంత గాలికి, ఫిరంగి గొట్టాన్ని ఎంత కోణంలో ఎత్తాలో చెప్పే పట్టికలు. గాలిలో 60 సెకన్లు ఎగిరే ఒక్క గుండు దారిని లెక్క కట్టడానికి, మీట నొక్కే లెక్కల మిషను ముందు కూర్చున్న మనిషికి దాదాపు 20 గంటలు పట్టేది. ఒక్కో ఫిరంగి పట్టికకు అలాంటి దారులు వేలల్లో కావాలి. ఆ లెక్కలు కట్టడానికి గణితం చదివిన యువతులను పెద్ద సంఖ్యలో ఉద్యోగాల్లో పెట్టుకున్నా ఫిరంగులే ముందు తయారయ్యేవి, పట్టికలు వెనకబడేవి. ఒక్కో గుండు దారిని ఎనియాక్ అర నిమిషంలోపే తేల్చేసింది. గుండు నేలమీద పడేలోపే దాని దారి లెక్క తేలిపోయేదన్నమాట.

ఆ యువతుల్లోంచే ఆరుగురిని 1945లో ఎంచుకుని ఎనియాక్‌కు పని చెప్పే బాధ్యత ఇచ్చారు. కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. ఆరు పేర్లూ రాయండి, ఒక్క పంక్తి పడుతుంది. ప్రోగ్రామింగ్ భాష అనేదే లేదు. నేర్పే పుస్తకం లేదు. మొదట్లో యంత్రమున్న గదిలోకి అడుగుపెట్టే అనుమతి కూడా లేదు. దాని నక్షాలు ముందేసుకుని, ఏ భాగం ఏం చేస్తుందో సొంతంగా విప్పుకుని, ఏ తీగ ఎక్కడ గుచ్చాలో, ఏ మీట ఎటు తిప్పాలో కాగితం మీద రాసుకున్నారు. 1946 ఫిబ్రవరిలో యంత్రాన్ని లోకానికి చూపించిన రోజున నడిచిన ఫిరంగి గుండు ప్రోగ్రామ్ బెట్టీ, జీన్ రాసిందే. ఆ రాత్రి జరిగిన విందుకు మాత్రం వాళ్లకు పిలుపు రాలేదు. 1980ల్లో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫొటోల్లో యంత్రం పక్కన నిలబడ్డ ఆడవాళ్లు ఎవరని ఆరా తీస్తే, అందం కోసం నిలబెట్టిన మోడళ్లని జవాబొచ్చింది. ఆమె పట్టు విడవకుండా వెతికితేనే పేర్లు బయటపడ్డాయి. కంప్యూటర్ క్లాసులో ముందు బెంచీ మీద కూర్చునే మన ఆడపిల్లలకు ఈ మాట చెప్పకుండా ఎవరికి చెబుతాం?

ఇక్కడే ఇబ్బందికరమైన నిజం ఒకటుంది, దాన్నీ దాచకండి. ఫిరంగి పట్టికల కోసం కట్టిన ఎనియాక్ సిద్ధమయ్యేసరికి యుద్ధం అయిపోయింది. 1945 డిసెంబరులో దానికి అప్పగించిన మొదటి అసలు పని హైడ్రోజన్ బాంబు లెక్క. అమెరికా అణుబాంబు ప్రయోగశాల ఉన్న లాస్ అలమోస్ నుంచి మనుషులు పంచ్ కార్డుల (అంకెలను చిల్లులుగా పొడిచిన అట్టల) పెట్టెలతో వచ్చారు. ఏ లెక్క కడుతున్నారో అక్కడివాళ్లలో చాలామందికి తెలియదు. పదమూడేళ్ల పిల్లలకు ఇలాంటివి ఎందుకని కొందరు అనవచ్చు. హిరోషిమా గురించి సాంఘికశాస్త్రంలో చదివే పిల్లలే కదా వీళ్లు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ. మన పుస్తకాల్లో నాకు ఎక్కడా కనబడనిది కూడా ఇదే.

లండన్‌లో జె. లయన్స్ అనే కంపెనీ ఉండేది. టీ పొడి, రొట్టెలు, కేకులు, ఐస్‌క్రీమ్ తయారీ. నగరంలోనూ బయటా కలిపి రెండు వందలకు పైగా టీ దుకాణాలు. కప్పు టీ మీద, కేకు ముక్క మీద మిగిలేది చిల్లర. రోజుకు లక్షల్లో జరిగే ఆ చిన్న చిన్న అమ్మకాలకు బిల్లులు, చిట్టాలు, ఆవర్జాలు రాసే గుమాస్తాలు ఒక సైన్యమంత. లెక్క రాసే ఖర్చు లాభాన్ని మింగేస్తుందేమోనన్న బెంగ ఆ కంపెనీకి ఎప్పుడూ ఉండేది. జాన్ సిమన్స్ అనే కేంబ్రిడ్జి గణిత పట్టభద్రుణ్ణి 1923లోనే తెచ్చిపెట్టుకుని ఆఫీసు పనిని తిరగదోడించారు. 1947లో ఇద్దరు మేనేజర్లు, థాంప్సన్, స్టాండింగ్‌ఫర్డ్, కొత్త ఆఫీసు పద్ధతులు చూసి రమ్మంటే అమెరికా వెళ్లారు. ఎనియాక్ సంగతి పత్రికల్లో వచ్చి ఉంది కాబట్టి దాని మనిషి గోల్డ్‌స్టైన్‌ను కలిశారు. ఫిరంగి గుండు దారి కట్టగలిగినది మా రొట్టెల లెక్క కట్టలేదా అన్నది వాళ్ల ప్రశ్న. ఆయన నవ్వి పంపేయలేదు. మీ దేశంలోనే కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ ఒకటి కడుతున్నాడు, వెళ్లి కలవండి అన్నాడు.

లయన్స్ విల్క్స్‌కు 3 వేల పౌండ్లు ఇచ్చి, పనికి ఒక మనిషిని కూడా పంపింది. విల్క్స్ యంత్రం ఎడ్సాక్ 1949 మే 6న నడిచింది. మొదటి రోజు చేసిన పని 0 నుంచి 99 వరకు వర్గాల పట్టిక. అది చూశాక లయన్స్ సొంతంగా కట్టుకోవడానికి దిగింది. టీ కంపెనీ కంప్యూటర్ కట్టడం! జాన్ పింకర్టన్ అనే యువ ఇంజనీరును పెట్టుకుని, దాదాపు 6 వేల వాల్వులతో, పాదరసం నింపిన గొట్టాల్లో శబ్ద తరంగాలుగా అంకెలను తిప్పుతూ గుర్తుంచుకునే యంత్రం కట్టారు. పేరు లియో. 1951 నవంబరులో అది ఒక ఆఫీసు పనిని వారంవారం చేయడం మొదలుపెట్టింది. ఆ వారం బేకరీల్లో తయారైన రొట్టెలు, కేకులు వగైరాలకు విలువ కట్టి చెప్పడం. వ్యాపారం కోసం ఒక కంప్యూటర్ క్రమం తప్పకుండా చేసిన మొదటి పని అదే.

అక్కడొక చిక్కు ఎదురైంది. పిల్లలకు తప్పక చెప్పవలసింది అదే అని నా అభిప్రాయం. శాస్త్రవేత్తల లెక్కలో లోపలికి వెళ్లే అంకెలు కొద్ది, లోపల జరిగే లెక్క కొండంత. ఆఫీసు లెక్క దానికి తలకిందులు. ఒక్కో మనిషి జీతానికి చేసే కూడికలు, తీసివేతలు పదీ ఇరవై ఉంటాయేమో గానీ మనుషులు వేలు, ప్రతి ఒక్కరిదీ వేరే కార్డు. యంత్రం ఎంత వేగంగా కూడినా కార్డు చదివేదాకా ఖాళీగా కూర్చోవాలి. అందుకని లియోకు అంకెలు లోపలికి పంపడానికీ బయటికి తీయడానికీ ఒకటికంటే ఎక్కువ దారులు పెట్టి, ఒకవైపు లెక్క జరుగుతుండగానే మరోవైపు తర్వాతి కార్డులు చదివి సిద్ధంగా ఉంచే ఏర్పాటు చేశారు. ఇన్‌పుట్, అవుట్‌పుట్, బఫర్ అని నిర్వచనాలు బట్టీ కొట్టించే బదులు ఈ ఒక్క సంగతి వివరిస్తే అవి ఎందుకు కావలసివచ్చాయో పిల్లలకు దానంతట అదే ఎక్కుతుంది.

తర్వాత జీతాలు. అనుభవమున్న గుమాస్తా ఒక్కో మనిషి జీతం లెక్క కట్టడానికి 8 నిమిషాలు తీసుకుంటే లియో సెకనున్నరలో తేల్చింది. 1954లో టీ దుకాణాల సరుకు పని కూడా దానికి అప్పగించారు. ప్రతి దుకాణానికీ వారంలో ఏ రోజు ఏ సరుకు ఎంత అనే మామూలు జాబితా ఒకటి యంత్రం దగ్గర ఉండేది. దుకాణం నడిపే ఆవిడ మధ్యాహ్నం ఫోనెత్తి, రేపటికి మామూలుకన్నా ఏం ఎక్కువ, ఏం తక్కువ కావాలో మాత్రం చెప్పేది. అవతల చెవికి ఫోను తగిలించుకున్న అమ్మాయి వింటూనే కార్డుల మీద చిల్లులు పొడిచేది. ఏ బేకరీ ఎంత చేయాలో, ఏ బండిలో ఏది ఎక్కించాలో లియో అచ్చేసి ఇచ్చేది. అంతా మొదటినుంచీ చెప్పనక్కర్లేదు, మారినంత చెబితే చాలు అన్నది ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. దీన్ని పథకం వేసిన డేవిడ్ కామినర్ ఇంజనీరు కాడు, ఆఫీసు పని లోతుపాతులు తెలిసినవాడు. ప్రోగ్రాములు రాయడానికి కంపెనీ తన ఉద్యోగులకే పరీక్షలు పెట్టి ఎంచుకుంది. 1952లో అలా వచ్చిన మేరీ కూంబ్స్ చదివింది ఫ్రెంచి, అంతకుముందు చేసింది ఐస్‌క్రీమ్ అమ్మకాల విభాగంలో ఉద్యోగం. తెలుగు మీడియం పిల్లవాడు "లెక్కలు రానివాళ్లకు కంప్యూటర్ రాదు కదా సార్" అన్నప్పుడు చూపించడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

వాతావరణం గురించి కూడా ఒక పేరా రాయండి. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆంగ్లేయుడు మొదటి ప్రపంచయుద్ధంలో అంబులెన్సు పని చేస్తూ, ఆరు గంటల వాతావరణాన్ని సమీకరణాలతో లెక్కకట్టడానికి వారాల తరబడి కూర్చున్నాడు. వచ్చిన జవాబు పూర్తిగా తప్పు. అయినా పద్ధతి సరైనదేనని నమ్మి, గాలి కంటే ముందు లెక్క నడవాలంటే 64 వేల మంది ఒకే చోట కూర్చుని లెక్కలు కట్టాలని 1922లో రాశాడు. 1950లో అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు చార్నీ బృందం ఎనియాక్ మీద ఆ పని చేసింది. 24 గంటల అంచనాకు దాదాపు 24 గంటలే పట్టింది. అంటే వాతావరణంతో సమానంగా పరుగెత్తారు, దాన్ని దాటలేదు. కోస్తా పిల్లలకు ఇది చెప్పి చూడండి. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో టీవీలో గీసే గీతల వెనక ఉన్న పద్ధతి అక్కడ మొదలైంది. దివిసీమ ఉప్పెన కథ తాతల నోట విన్న పిల్లలు దాన్ని ఊరికే వినరు.

జనాభా లెక్కలు, ఎన్నికలు అన్నవి రెండు వాక్యాల్లో పోతాయి. 1880 అమెరికా జనగణన తేలడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది కాబట్టి 1890లో హాలరిత్ చిల్లుల కార్డుల యంత్రాలు వచ్చాయి. 1952 ఎన్నికల రాత్రి యూనివాక్ అనే కంప్యూటర్ అధ్యక్ష అభ్యర్థి ఐసన్‌హోవర్‌కు 438 ఎలక్టోరల్ ఓట్లని చెబితే టీవీవాళ్లు నమ్మక దాచిపెట్టారు, చివరికి ఆయనకు వచ్చినవి 442.

ఆ హాలరిత్ పేరు మన గడ్డ మీదికీ వచ్చింది. కలకత్తాలో గణాంక శాస్త్రజ్ఞుడు మహలనోబిస్ నడిపిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1950ల మధ్యలో ఇంగ్లండ్ నుంచి తెప్పించిన యంత్రం పేరు హెచ్ఈసీ-2ఎం. అందులో మొదటి అక్షరం హాలరిత్‌దే. మన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు దశాబ్దాలు పనిచేసిన సంస్థ అది. నమూనా సర్వేలు, ప్రణాళికల అంకెలు అక్కడ కొండలా పేరుకునేవి. యంత్రం కావలసింది అందుకే. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు నరసింహన్ గారి నాయకత్వంలో సొంతంగా కట్టి 1960లో నడిపించిన దానికి నెహ్రూ టిఫ్రాక్ అని పేరు పెట్టారు. ఇక హైదరాబాద్‌లో 1967లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ. దాని వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు గారిది పశ్చిమగోదావరి మోగల్లు. టీడీసీ-12 అనే భారతీయ కంప్యూటర్ 1969లో వచ్చింది ఆ ప్రయత్నంలోంచే. ఏఎస్ రావు నగర్ బస్సెక్కే పిల్లల్లో ఎందరికి ఆ పేరెవరిదో తెలుసు? హైటెక్ సిటీతోనే మనకు కంప్యూటర్ వచ్చిందన్నట్టు రాసే పాఠాలు చదివినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

పేజీలు చాలవంటారని తెలుసు. తరాల పట్టిక తీసేస్తే ఒక పేజీ మిగులుతుంది. పాస్కల్ బొమ్మ, పూసల చట్రం బొమ్మ చిన్నవి చేస్తే మరో అర పేజీ. నా లెక్కలో లియోకు ఒక పేజీ, ఎనియాక్ ఆరుగురికి అర పేజీ, మిగతా వాటికి తలా ఒక పేరా సరిపోతాయి. పేర్ల ఉచ్చారణ మాత్రం ఒకసారి తెలిసినవాళ్లకు చూపించండి. మా దగ్గర ఎనియాక్‌ను నాలుగు రకాలుగా పలికేవాళ్లున్నారు.

అభ్యాసానికి ఖాళీలు పూరించండి అనే బదులు ఇలాంటిదొకటి ఇచ్చి చూడండి. 'మీ ఊళ్లో పాల కేంద్రానికి ప్రతి ఇంటి మామూలు జాబితా ఇది. రేపటికి మూడు ఇళ్లవాళ్లు మార్పు చెప్పారు. మొత్తం ఎన్ని ప్యాకెట్లు తెప్పించాలి? ఈ పని చేయడానికి యంత్రం ముందే ఏవేవి గుర్తుపెట్టుకోవాలి, కొత్తగా ఏవి అడగాలి?' దీనికి కంప్యూటర్ ల్యాబు అక్కర్లేదు, కరెంటు పోయినా క్లాసు ఆగదు. తర్వాతి ముద్రణకు ముందు మీ మండలి ఈ పాఠం మీద కూర్చుంటే, ఈ అభ్యాసాలు మరికొన్ని రాసి ఇవ్వడానికి నాలాంటి మాస్టార్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఒక్క మాట కబురు చేయండి, సొంత ఖర్చులతో వస్తాం.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు